ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము: స్కానింగు ఏమి చెప్పగలదు?

కదిరి పట్టణమున నేడు స్కానింగు అను మాట తెలియని ఇల్లు లేదు. తలుపుల, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట వైపుల నుండి వచ్చి బస్సు దిగిన గర్భిణులు మొదట విచారించునది స్కానింగు ఎక్కడ తీయుదురనియే. ఆ గది వాకిట, పుట్టబోవు బిడ్డ ఆడయో మగయో ఇచ్చట చెప్పబడదని తెలుపు బోర్డు ఒకటి తప్పక ఉండును. 1994 నాటి చట్టమును, దాని నియమములును అట్లు శాసించినవి. ఇది మంచి చట్టమే. కాని ఆ బోర్డును ఏండ్ల తరబడి చూచి చూచి, స్కానింగు అనగా కడుపుతో ఉన్నవారికి చేయునది అని జనుల మనస్సున స్థిరపడిపోయినది. 58 ఏండ్ల అవ్వను స్కానింగు చేయించుకొని రమ్మని వైద్యురాలు చెప్పినచో, "ఈ వయసులో నాకు స్కానింగేందమ్మా, చూసినోళ్ళు నవ్వరా?" అని ఆమె సిగ్గుపడుట సహజము.

మేము నేడు చెప్పదలచినది ఆ అవ్వకు చేయు స్కానింగును గురించియే. ముట్లుడిగిన తరువాత మరల నెత్తురు కనబడిన స్త్రీకి గర్భాశయపు లోపొరలో క్యాన్సరు ఉన్నదా లేదా అని తేల్చుటలో ఈ పరీక్ష ఎంతవరకు ఉపకరించును, ఎక్కడ దాని శక్తి చాలదు, అనునది విషయము.

వరుసగా 12 మాసములు బహిష్టు కానిచో ముట్లుడిగినవని వైద్యులు లెక్కింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట జరుగగా, మన దేశమున 46, 47 ఏండ్లకే జరుగుచున్నది. ఆ 12 మాసములు నిండిన పిమ్మట ఒక చుక్క నెత్తురు కనబడినను, చీరకు గోధుమవన్నె మరక అంటినను, గులాబివన్నె నీరు పోయినను అది లెక్కింపవలసినదే. ఎంత పోయినది అనునది ప్రశ్న కాదు. పోయినదా లేదా అనునదియే ప్రశ్న.

పల్లెలలో దీనికి చెప్పు కారణములు అనేకము. వేరుసెనగ పీకు దినములలో నడుము వంచి పనిచేసినందున వేడి చేసినదందురు. ఎండకాలమైనచో మామిడిపండ్ల మీద నెపము వేయుదురు. మజ్జిగ త్రాగుదురు, మెంతులు నానబెట్టిన నీరు త్రాగుదురు. నాలుగు దినములకు నెత్తురు ఆగిపోవును. ఆగుటయందే మోసమున్నది. క్యాన్సరు వలన కలుగు స్రావము గూడ మొదటి దినములలో తనంతట వచ్చి తనంతట ఆగుచుండును. మజ్జిగకు ఆ ఖ్యాతి దక్కును, రోగము లోపల పెరుగును.

ఇంకొక కారణము బయటికి చెప్పుకొనరానిది. ముట్లుడిగిన స్త్రీకి మన యిండ్లలో ఒక స్వాతంత్ర్యము లభించును. పూజగదికి, పండుగ వంటకు, గుడికి ఆమెకు అడ్డు చెప్పువారు లేరు. మరల నెత్తురు కనబడినదని నోరు విప్పినచో ఆ స్వాతంత్ర్యము పోవునేమోనని ఆమె భయము. ఫాల్గుణమున కదిరి నరసింహస్వామి తేరు లాగు దినములలో ఇంటినిండ బంధువులుండగా ఈ సంగతి ఎవరికి చెప్పును? మనుమరాండ్ర యెదుట అసలే చెప్పదు. నెలలు గడచిపోవును. ఈ స్రావము ముట్టు కాదనియు, దానికి దూరముండవలసిన నియమమేదియు వర్తింపదనియు ఇంటి పెద్దలు ఒక్కమాట చెప్పినచో పోవు చిక్కు ఇది. వైద్యుల చేతిలో ఉన్న ఏ యంత్రమును ఈ ఒక్క మాట చేయు పనిని చేయజాలదు.

భయపడవలసినది ఎంత, అనునది ఇప్పుడు చూతము. వివిధ దేశములలో జరిగిన పరిశోధనల నన్నిటిని చేర్చి 2018లో లెక్కించినపుడు, ముట్లుడిగిన తరువాత రక్తస్రావమైన స్త్రీలలో నూటికి సుమారు 9 మందికి గర్భాశయపు లోపొర క్యాన్సరున్నట్లు తేలినది. అనగా పదిమందిలో తొమ్మండుగురికి అది లేదు. వారిలో పెక్కుమందికి కారణము లోపొరయు, యోనిమార్గపు చర్మమును పలుచబడి ఒరసికొనుట మాత్రమే. కొందరికి పిలకవంటి చిన్న కండ, అనగా పాలిప్, ఉండవచ్చును. కాని అదే లెక్కను తిరుగవేసి చూచినచో, ఈ క్యాన్సరు వచ్చిన ముట్లుడిగిన స్త్రీలలో నూటికి 90 మందికి రక్తస్రావము కనబడియే ఉన్నది. అండాశయపు క్యాన్సరు వలె ఇది చప్పుడు చేయక దాగియుండు రోగము కాదు. వాకిట నిలబడి పిలుచు రోగము. పిలిచినపుడు తలుపు తీసినవారికి రోగము గర్భాశయము దాటకముందే పట్టువడును. అట్టివారిలో నూటికి 90 మందికి పైగా అయిదేండ్ల తరువాతను జీవించియున్నారు. దాటిన పిమ్మట ఆ సంఖ్య వేగముగా పడిపోవును.

స్కానింగునకు పోకముందు జరుగవలసినది ఒకటి కలదు. వైద్యురాలు బల్ల మీద పరుండబెట్టి, స్పెక్యులమ్ అను పరికరముతో గర్భాశయ ముఖద్వారమును కంటితో చూడవలెను. మన దేశమున గర్భాశయపు లోపొర క్యాన్సరు కంటె ముఖద్వారపు క్యాన్సరు చాల ఎక్కువ. అది గూడ ఈ వయసులో రక్తస్రావముతోనే బయటపడును. తొలిదశలో అది స్కానింగునకు దొరకదు. నెత్తురు మూత్రములో నుండి వచ్చుచున్నదో, మొలల నుండి వచ్చుచున్నదో గూడ పరీక్షింపనిదే చెప్పలేము. కావున వైద్యురాలిని చూడక నేరుగా స్కానింగు గదికి పోయి, కాగితము తెచ్చుకొని, "అంతా బాగుందన్నారు" అని ఊరుకొనుట మిక్కిలి ప్రమాదకరమని మా అభిప్రాయము. బాగుగా ఉన్నది గర్భాశయపు లోపొర మాత్రమే కావచ్చును.

ఇంతకు ఆ లోపొర ఏమి? గర్భాశయమును గర్భసంచి అని మనవారు పిలుచుట సరియైన పోలికయే. సంచికి లోపల గుడ్డ వేసి కుట్టినట్లు, దానికి లోపల ఒక మెత్తని పొర కలదు. దీనిని ఎండోమెట్రియం అందురు. ఈస్ట్రోజెన్ అను హార్మోను దానిని ప్రతి నెల పెంచును. ప్రొజెస్టెరోన్ అను రెండవ హార్మోను దానిని అదుపులో పెట్టును. రెండును తగ్గినపుడు పొర రాలిపోయి ముట్టుగా వెడలును. ముట్లుడిగిన తరువాత అండాశయములు విశ్రమించును కనుక పొరను పెంచువారు లేరు. అది సన్నగిల్లి కాగితమువలె అగును. ఈ వయసులో లోపొర దళసరిగా ఉన్నదనగా, దానిని పెంచునది ఏదో ఒకటి ఉన్నదన్నమాట.

పెంచువానిలో మొదటిది కొవ్వు. శరీరపు కొవ్వు తానే ఈస్ట్రోజెన్‌ను తయారుచేయును. దానికి ప్రొజెస్టెరోన్ తోడు ఉండదు. కావున స్థూలకాయులకు, మధుమేహము గలవారికి ఈ క్యాన్సరు ఎక్కువగా వచ్చుచున్నది. పొలము పని మాని పట్టణములలో కూర్చుండి కాలము గడుపు కుటుంబములకు ఇది ఇకమీదట ఎక్కువ సంబంధించిన విషయము. బిడ్డలు కలుగనివారికి, ముట్లు చాల ఆలస్యముగా ఉడిగినవారికి, రొమ్ము క్యాన్సరునకై టామోక్సిఫెన్ మాత్రలు వాడుచున్న వారికి, వంశములో గర్భాశయ, పెద్దప్రేగు క్యాన్సర్లు పలువురికి వచ్చినవారికి గూడ అపాయము హెచ్చు.

ఇక యంత్రము. లోతైన బావి అంచున నిలబడి కేక వేసినచో నీటి మీద తగిలి ఆ కేక తిరిగి వచ్చును. ఎంతసేపటికి తిరిగి వచ్చినదో లెక్కించినచో నీరు ఎంత లోతున ఉన్నదో చెప్పవచ్చును. స్కానింగు పని ఇంతే. విద్యుత్తు తగిలినపుడు కంపించు స్ఫటికములు ఆ కేకను వేయును. మన చెవికి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని వినబడదు. ఈ యంత్రపు ధ్వని సెకనుకు అనేక లక్షల కంపనములు గలది. అందుచేతనే దీనిని అతిధ్వని అందురు. శరీరములో ఒక కణజాలము ముగిసి మరియొకటి మొదలగు చోటనెల్ల కొంత ధ్వని తిరిగి వచ్చును. ఆ ప్రతిధ్వనులను యంత్రము చుక్కలుగా పేర్చి బొమ్మ గీయును. ఎక్స్‌రే వలె ఇందు కిరణము లేదు.

ఈ యంత్రము స్త్రీ వైద్యములోనికి వచ్చిన వృత్తాంతము వినదగినది. స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున ఇయన్ డొనాల్డ్ అను స్త్రీరోగ వైద్యుడుండెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వైమానిక దళమున పనిచేసి రాడారు సంగతులు ఎరిగినవాడు. బాయిలర్లు చేయు ఒక కర్మాగారమున ఇనుములోని పగుళ్లను అతిధ్వనితో పట్టుచున్నారని తెలిసి, 1955లో ఆయన తాను శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను మోటారు కారులో వేసికొని అక్కడికి పోయెను. పోలికకై కర్మాగారము వారు ఒక మాంసపు ముక్కను గూడ సిద్ధము చేసిరట! నీటితిత్తికిని గట్టి గడ్డకును ప్రతిధ్వనులు వేరువేరుగా ఉన్నట్లు అక్కడనే తేలినది. ఆయనయు, జాన్ మాక్‌వికర్, టామ్ బ్రౌన్ అను సహచరులును 1958లో లాన్సెట్ పత్రికలో దీనిని ప్రకటించిరి. నయము కాని క్యాన్సరని ఇతరులు ఆశ వదలుకొన్న ఒక స్త్రీ కడుపులో ఉన్నది నీటితిత్తి మాత్రమే అని ఈ యంత్రము చెప్పగా, దానిని తీసివేసి ఆమెను బ్రతికించిరి. గర్భములోని బిడ్డను చూచుటకంటె ముందు, గడ్డలను వేరుపరచుటకే ఈ యంత్రము స్త్రీలకు ఉపయోగపడినదని కదిరి అవ్వలు తెలిసికొనిన బాగుండును.

స్కానింగు రెండు విధములు. కడుపు మీద జిగురు పూసి చేయునది ఒకటి. దానికి మూత్రము నిండుగా ఉండవలెను. రెండవది యోనిమార్గమున వ్రేలి లావు కడ్డీని ఉంచి చేయునది. దానికి మూత్రము పోసికొని రావలెను. ధ్వని ఎంత సన్ననిదైనచో బొమ్మ అంత స్పష్టముగా వచ్చును గాని అది అంత లోతునకు పోజాలదు. కడుపు మీది నుండి పంపు ధ్వని చర్మమును, కొవ్వును, మూత్రాశయమును దాటి పోవలెను. కావున దానిని మొరటు చేయక తప్పదు. లోపలి కడ్డీ గర్భాశయమునకు ప్రక్కనే ఉండును గనుక సన్నని ధ్వని చాలును. మిల్లీమీటర్లు కొలువవలసిన ఈ పనికి రెండవదియే తగినది.

సిగ్గు విషయము దాచి ప్రయోజనము లేదు. కడ్డీకి ప్రతిసారి క్రొత్త తొడుగు తొడుగుదురు, దుప్పటి కప్పియే ఉంచుదురు, కొలది నిమిషములలో ముగియును, నొప్పి స్వల్పము. పరీక్ష చేయువారు పురుషులైనచో ప్రక్కన ఒక స్త్రీ ఉండవలెనని అడుగుట రోగి హక్కు. ఎంత చెప్పినను మనస్సు ఒప్పనివారికి, అవివాహితలకు బలవంతము లేదు. కడుపు మీది స్కానింగు చేసి, అది చాలనిచో ఇతర మార్గములు చూతురు.

ఆ గదిలో కొలుచునది ఒక్క అంకె. గర్భాశయమును నిలువుగా కోసినట్లు చూపు బొమ్మలో ముందు పొర, వెనుక పొర కలిసి నడుమ ఒక గీతవలె కనబడును. దాని మిక్కిలి లావైన చోట రెండు పొరలను కలిపి కొలుతురు. నడుమ నీరు చేరినచో దానిని విడిచిపెట్టి కొలువవలెను. ఆ కొలత 4 మిల్లీమీటర్లు, అనగా రమారమి ఒక జొన్నగింజ లావు, లేక అంతకు తక్కువ అయినచో, క్యాన్సరు ఉండుటకు అవకాశము నూటికి ఒకటి కంటె తక్కువ.

ఈ 4 అను అంకె ఆకాశము నుండి ఊడిపడినది కాదు. ఉత్తర ఐరోపా దేశములలో రక్తస్రావమైన 1,168 మంది స్త్రీలకు మొదట స్కానింగు చేసి, పిమ్మట లోపొరను గోకి తీసి పరీక్షించి, రెండు ఫలితములను పోల్చి 1995లో ప్రకటించిరి. పలుచబడిన లోపొర సగటున 4 మిల్లీమీటర్ల దగ్గర ఉండగా, క్యాన్సరు గల లోపొర సగటున 21 మిల్లీమీటర్లున్నది. 5 మిల్లీమీటర్లకు లోపల ఒక్క క్యాన్సరును వారికి కనబడలేదు. అప్పటివరకు నెత్తురు కనబడిన ప్రతి స్త్రీకిని మత్తు ఇచ్చి గోకుట ఆచారము. స్కానింగు వచ్చినందున లోపొర పలుచగా ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు ఆ బాధ తప్పినది.

కాని జల్లెడకు గూడ కన్నములుండును. ఈ క్యాన్సర్లలో కొన్ని జాతులు, సంఖ్యలో తక్కువైనను స్వభావమున క్రూరమైనవి, పలుచని పొరలోనే పుట్టును. గర్భాశయమున పైబ్రాయిడ్ గడ్డలు ఉన్నచో గీత వంకరపోయి కొలత తప్పవచ్చును. 2024లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, క్యాన్సరు ఉన్నట్లు తేలిన 210 మంది నల్లజాతి స్త్రీలలో పదింట ఒకరికి పైగా లోపొర 5 మిల్లీమీటర్లకు తక్కువగానే ఉన్నది. ఐరోపా స్త్రీల కొలత అన్ని జాతులకు సరిపోవునా అను సందేహము దీనితో బలపడినది. కావున పలుచగా ఉన్నదని తేలిన తరువాత మరల నెత్తురు కనబడినచో రెండవ స్కానింగుతో సరిపెట్టరాదు. లోపొర ముక్క తీసి పరీక్షింపవలెను. బొమ్మలో లోపొర మొదటినుండి చివరివరకు స్పష్టముగా కనబడనిచో, "పలుచగా ఉన్నది" అను మాటకే అర్థము లేదు. టామోక్సిఫెన్ వాడువారికి లోపొర ఊరకయే దళసరిగా కనబడును గనుక వారికి ఈ అంకె నమ్మదగినది కాదు.

4 మిల్లీమీటర్లు దాటినచో ఏమి? క్యాన్సరని అర్థము కాదు. ముక్క తీసి చూడవలెనని మాత్రమే అర్థము. స్కానింగు నీడను చూపును. రోగము పేరు చెప్పునది సూక్ష్మదర్శిని క్రింద పెట్టిన కణజాలమే. సుమారు 3 మిల్లీమీటర్ల లావు గల మెత్తని ప్లాస్టిక్ గొట్టమును లోపలికి పంపి, పీల్చి, కొంచెము పొరను తీయుదురు. పెక్కుమందికి దీనికి మత్తు అక్కరలేదు. ముట్టునొప్పి వంటి నొప్పి కొన్ని నిమిషములుండును. గొట్టము లోనికి పోనిచో, లేక ముక్క చాలనిచో, హిస్టెరోస్కోపు అను దీపపు గొట్టముతో లోపల చూచుచు తీయుదురు.

ఇచ్చట మా ప్రాంతమునకు ముఖ్యమైన ఒక సంగతి చెప్పక తప్పదు. స్కానింగు కాగితమును చూపి, "గర్భసంచి వాచింది, తీయకపోతే క్యాన్సరవుతుంది" అని భయపెట్టి శస్త్రచికిత్స చేయుట తెలుగునాట పాతుకొనిపోయిన వ్యవహారము. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయబడినవారు దేశమంతట నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశములోకెల్ల మొదటి స్థానము మనదే. గర్వింపదగిన స్థానము కాదు. 2019-21 సర్వేలో గూడ మన అంకె 8.7 వద్దనే నిలిచినది. అనవసరపు గర్భాశయ శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శక సూత్రములను రాష్ట్రములు మూడు నెలలలో అవలంబింపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసి వచ్చినది. ముప్పదియైదేండ్ల కూలి స్త్రీకి తెల్లబట్ట అగుచున్నదని గర్భసంచి తీసివేయుదురు. అరువది ఏండ్ల ఆమెకు నెత్తురు పోవుచున్నను వేడి అని ఇంట కూర్చుండబెట్టుదురు. అవసరము లేనిచోట కత్తి, అవసరమున్నచోట మజ్జిగ!

కావున 4 మిల్లీమీటర్లను గురించి మేము చెప్పినది ముట్లుడిగి, ఆ పిమ్మట నెత్తురు కనబడిన స్త్రీకి మాత్రమే చెల్లునని గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. ముట్లు వచ్చుచున్నవారికి ఆ పొర నెలలో కొన్ని దినములు పది మిల్లీమీటర్లు దాటుట స్వభావమే. ముట్లుడిగినను రక్తస్రావము లేనివారికి, వేరే పనిమీద తీసిన స్కానింగులో 6, 7 మిల్లీమీటర్లు కనబడినంత మాత్రమున భయపడ పనిలేదు. అట్టివారికి 11 మిల్లీమీటర్లు దాటినప్పుడు క్యాన్సరు సందేహము బలపడునని 2004 నాటి గణన. గర్భాశయము ఇదివరకే తీయబడిన స్త్రీకి నెత్తురు కనబడినచో స్కానింగు కంటె వైద్యురాలి కంటిపరీక్ష ముఖ్యము.

ముక్కలో క్యాన్సరు నిశ్చయమైనచో అప్పుడు కత్తి న్యాయమైనది. గర్భాశయమును, రెండు నాళములను, అండాశయములను తీసివేయుట ప్రధాన చికిత్స. తొలిదశలో పెక్కుమందికి అంతటితో సరిపోవును, కొందరికి రేడియేషను తోడగును. ఇది క్యాన్సరు శస్త్రచికిత్స తెలిసినవారి చేతిమీద జరుగుట మేలు. కదిరి వారు మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీ వైద్యురాలిని చూచి, అవసరమైనచో హిందూపురము జిల్లా ఆసుపత్రికో, అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో పోవచ్చును. అనంతపురము త్రోవలోనే బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థ వారి ఆసుపత్రి కలదు. బెంగుళూరున 1973 నుండి కిద్వాయి క్యాన్సరు సంస్థ పనిచేయుచున్నది. ఖర్చును గూర్చి జంకువారికి ఒక మాట: ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి, కదిరి అప్పుడు ఆ జిల్లాలోనిదే. ప్రభుత్వములతోపాటు పేరు మారినను, తెల్లకార్డు కుటుంబములకు క్యాన్సరు చికిత్స ఆ పథకము క్రింద నేటికిని లభించుచున్నది.

స్కానింగు కాగితము చేతికి వచ్చినపుడు దానిని మడిచి సంచిలో పెట్టుకొనకముందు మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను. లోపొర ఎన్ని మిల్లీమీటర్లు? అది మొదటి నుండి చివరి వరకు కనబడినదా? లోపల నీరుగాని పిలకగాని ఉన్నదా? ఈ మూడును కాగితము మీద వ్రాయించుకొని, నెత్తురు కనబడిన తేదీలతో సహా వైద్యురాలికి చూపవలెను. చదువురాని అవ్వ వెంట మనుమరాలు పోయినచో ఈ పని సులువుగా జరుగును.